బెజవాడ కింది నేల



2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ఏడున్నర వేళ బెజవాడలో చాలా ఇళ్ళలో గిన్నెలు గలగలలాడినవి. మేడల మీద వున్నవాళ్ళు కొందరు భయపడి వీధిలోకి వచ్చేశారు. అప్పుడు భూమి కదిలినది బెజవాడ కింద కాదు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన, తెలంగాణాలోని ములుగు జిల్లా అడవుల్లో. దాని తీవ్రత 5.3.

"మాస్టారూ, భూకంపాలు హిమాలయాల దగ్గర గదా వచ్చేది! మన కృష్ణ ఒడ్డుకు ఎందుకు వస్తాయి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే.

మన దేశాన్ని మోస్తున్న రాతి పలక సంవత్సరానికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ, ఆసియా ఖండాన్ని నెట్టుతున్నది. ఆ నెట్టుడు అంచున హిమాలయాల దగ్గరే ఆగిపోదు. పలక అంతటా పాకుతుంది. బీటవారితే అతికించి పెట్టుకున్న పాత కుండ వున్నదనుకోండి. దాని అంచును గట్టిగా నొక్కితే ఎక్కడ కదులుతుంది? పాత బీట దగ్గరనే గదా! మన నేల అడుగున కూడా అటువంటి పాత బీటలు వున్నవి. గోదావరి లోయ పొడుగునా వున్నవి. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ప్రాంతంలో వున్నవి.

అవి వూరికే వుండలేదు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది. రెండేళ్ళు తిరిగేసరికి, 1969 ఏప్రిల్ 13న, భద్రాచలం దగ్గర అంతకంటె కాస్త పెద్దది, 5.7 తీవ్రత గలది వచ్చింది. బెజవాడ నుంచి గీత గీసి కొలిస్తే ఈ రెండు వూళ్ళూ చెరొక 130 కిలోమీటర్ల దూరంలో వుంటాయి; ఒకటి దక్షిణాన, ఒకటి ఉత్తరాన. మీ తాతయ్యనో, అమ్మమ్మనో అడిగి చూడండి. ఆ రోజులు గుర్తున్నవారు ఇంకా వున్నారు.

సరే, అటువంటి భూకంపమే మళ్ళీ వస్తే? అదే దూరాన వస్తే బెజవాడ కదిలి వూరుకోవచ్చు. నగరానికి దగ్గరగా వస్తేనే చిక్కు. అప్పుడు మూడు సంగతులు చూడాలి: నేల, ఇళ్ళు, మనుషులు.

ముందు నేల సంగతి. అమ్మ జున్ను వండిన రోజున పళ్ళెం అంచు మీద వేలితో తట్టి చూడండి. పళ్ళెం కొద్దిగానే కదులుతుంది. జున్ను మాత్రం తళతళ వణుకుతుంది. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండ, గుణదల కొండ పళ్ళెం వంటివి. వాటిని దాటి సముద్రం దాకా పరచుకున్న డెల్టా నేల జున్ను వంటిది. కృష్ణమ్మ వేల సంవత్సరాలు మోసుకొచ్చి పరచిన ఇసుక, ఒండ్రుమట్టి అది. వరి పండడానికి దానిని మించిన నేల లేదు. కాని అడుగున రాయి కొంచెం కదిలితే మెత్తని నేల ఎక్కువ వూగుతుంది.

ఇంకొక పరీక్ష చేయండి. ఒక గిన్నెలో ఇసుక పోసి, అది మునిగీ మునగనట్లు నీళ్ళు పోయండి. పైన బరువైన గుండ్రాయి పెట్టండి. రాయి నిలుస్తుంది. ఇప్పుడు గిన్నె పక్కన చేత్తో గబగబా తట్టండి. రాయి మెల్లగా దిగబడుతుంది! ఇసుక రేణువులు ఒకదాని నొకటి ఆనుకొని బరువు మోస్తూ వుంటాయి. కుదుపు రాగానే ఆ పట్టు సడలి, మధ్య వున్న నీటి మీద బరువు పడి, ఇసుక జావ అయిపోతుంది. 2001లో కచ్ రణ్‌లో ఇలాగే నేల పగిలి ఇసుకా నీళ్ళూ పైకి చిమ్మినవి. డెల్టాలో చాలా చోట్ల కొద్ది లోతుననే నీళ్ళు పడతాయని మీకు తెలుసు. అందుచేత వంతెనలకు, కాలవ గట్లకు, పెద్ద మేడలకు పునాది వేసేముందు అడుగు మట్టిని పరీక్షించి తీరాలి.

ఇక ఇళ్ళు. 1961 జనాభా లెక్కల నాటికి బెజవాడ జనం రెండున్నర లక్షలకు లోపు. 2011 నాటికి పది లక్షలు దాటారు. పెంకుటిళ్ళ చోట మేడలు లేచినవి. వాటిలో అనేకం కింద బండ్లు పెట్టుకోవడానికి గోడలు లేకుండా వదిలి, స్తంభాల మీద నిలిపినవే. సన్నని కాళ్ళ బల్ల మీద ఇనప్పెట్టె పెట్టి బల్లను కుదిపితే ఏమవుతుంది? ముందు కాళ్ళే విరుగుతాయి. 2001 జనవరి 26న భూమి కదిలినది భుజ్ దగ్గర. అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన, నది ఒండ్రు మీద వెలసిన అహమ్మదాబాదులో ఇటువంటి మేడలు కొన్ని కుప్పకూలినవి.

"మా వైపు అంత ప్రమాదం లేదులే" అనుకోవడం కూడా మంచిది కాదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో కిల్లారి దగ్గర భూమి కంపించి సుమారు పదివేల మంది చనిపోయారు. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు నిద్రలో వున్నవారి మీద పడినవి. అంతవరకు ఆ ప్రాంతం పటంలో అన్నిటికంటె తక్కువ ప్రమాదం గల మండలంలో వుండేది. 2002లో సవరించిన పటంలో బెజవాడను మధ్యరకం ప్రమాదం గల మూడవ మండలంలో చేర్చారు.

భూకంపం ఫలానా రోజున వస్తుందని చెప్పగల విద్య ఇంతవరకు ఎవరికీ లేదు. అలా చెప్పేవారి మాట నమ్మకండి. కాని ఇల్లు గట్టిగా కట్టే విద్య మనకు వున్నది. ఇక్కడ పెద్దలకు ఒక మాట. ఇల్లు కట్టించేటప్పుడు స్తంభాలలో ఇనుప రింగులు దగ్గర దగ్గరగా వేయించండి. రింగు చివరలు 135 డిగ్రీల కోణంలో స్తంభం లోపలికి వంచాలి. దీనికయ్యే ఖర్చు స్వల్పం. సిమెంటు పోసిన తరువాత కంటికి కనబడదు గనుక, పోయకముందే చూచుకోవాలి. ఇదివరకే కట్టిన మేడ అయితే ఇంజనీరుకు చూపించి, కింది స్తంభాలను బలపరచవచ్చు.

పిల్లలు నేర్చుకోవలసినవి మూడే మాటలు: వంగు, దూరు, పట్టుకో. భూమి కదలగానే కిందికి వంగండి. గట్టి బల్ల కిందికి దూరండి. దాని కాలు పట్టుకోండి. కుదుపు ఆగేదాకా మెట్ల మీద పరుగెత్తకండి, లిఫ్టు ఎక్కకండి. బయట వుంటే గోడలకు, కరెంటు స్తంభాలకు దూరంగా నిలబడండి. కొండవాలున వున్నవారు మరింత జాగ్రత్త పడాలి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో వానకే కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయినవి.

ఈ నెల మీకొక పని. మీరు పడుకునే మంచానికి ఎగువన బీరువా గాని, అటక మీద బరువైన సామాను గాని వున్నదేమో చూడండి. వుంటే నాన్నగారితో చెప్పి బీరువాను గోడకు బిగించండి, సామానును కిందికి దించండి. తరువాత మీ బడిలో ఏ బల్ల కింద ఎందరు పడతారో లెక్కవేసి మీ మాస్టారికి చూపండి. బల్లలు చాలకపోతే, ఆ మాట ఈ నెలలోనే తెలియడం మంచిది గదా!