పసుపు కుంకుమల భూమికి పత్రము



కృష్ణా తీరమునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరమును చదివి, ఈ మాసమునకు ఈ విషయమునే గైకొంటిమి. ఆమె వివాహకాలమున తండ్రిగారు పెండ్లిపందిటిలో పదిమంది యెదుట “మా యమ్మాయికి పసుపు కుంకుమల క్రింద ఎకరము మాగాణి యిచ్చితిమి” అని చెప్పిరట. ఇరువది సంవత్సరములుగా ఆ భూమిపై వచ్చు కౌలు ఆమెకే చేరుచున్నది. పట్టాదారు పాసుపుస్తకము మాత్రము నేటికిని తండ్రిగారి పేరనే యున్నది. ఆయనకు ఎనుబదియవ యేడు నడచుచున్నది. “పత్రమడిగిన అన్నయ్య నొచ్చుకొనునేమో, అడుగకున్న రేపేమగునో! లేఖరి నాశ్రయింపక పత్రము మేమే వ్రాసికొనవచ్చునా?” అని యామె ప్రశ్న.

వ్రాసికొనవచ్చును. అంతకుముందు అడుగవలెను కూడ. పందిటిలోని మాటకు సాక్షులైన పెద్దలు ఒక్కొక్కరుగా వెడలిపోవుదురు. అన్నగారు మంచివాడే కావచ్చును, కాని ఆయన బిడ్డలకు ఆ మాట తెలియదు. ఇట్టి నోటిమాటలపై మన న్యాయస్థానములలో ఎన్నియో వ్యాజ్యములు నడచినవి. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ప్రకారము స్థిరాస్తిని దానమిచ్చుటకు రిజిస్టరైన పత్రము కావలెను. దానిపై దాత చేవ్రాలును, కనీసము ఇరువురు సాక్షుల చేవ్రాళ్లును ఉండవలెను. దాత జీవించియుండగనే గ్రహీత దానిని స్వీకరింపవలెను. కనుక పత్రము కోరుట తండ్రి మాటను శంకించుట కాదు, ఆ మాటను నిలుపుట.

మొదట విచారింపవలసినది, ఆ భూమి తండ్రిగారికి ఎట్లు వచ్చినదను విషయము. స్వార్జితమైనచో ఇష్టమువచ్చిన వారికి ఇచ్చుకొనవచ్చును. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితమైనచో 2005వ సంవత్సరపు సవరణ ననుసరించి కుమార్తెలకును కుమారులతో సమముగా పుట్టుకతోనే హక్కు గలదు. అప్పుడు ఇతరుల భాగమును తండ్రి యొక్కడే దానమీయజాలడు. అట్టిచోట న్యాయవాది సలహా పొందక ముందడుగు వేయరాదు. మైనరు వాటా యున్నను, వ్యాజ్యము నడచుచున్నను ఇదియే మాట.

స్వార్జితమని తేలినచో, తండ్రిగారు కొన్ననాటి మూల దస్తావేజును చూడుడు. పిమ్మట ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టును తీయుడు. ఆ భూమిపై రిజిస్టరైన విక్రయములు, తనఖాలు అందు కనబడును. నోటిమాటలును, రిజిస్టరు కాని కాగితములును అందు కనబడవని మరువరాదు. భూమి నిషేధిత జాబితాలో లేదనియు నిశ్చయించుకొనవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూమి యైనచో బదిలీకి 1977వ సంవత్సరపు చట్టము అడ్డువచ్చును.

ఇక పత్రరచన. రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటునందు నమూనాలు దొరకును. బంధువులకు ప్రతిఫలము లేకుండ ఇచ్చునది దాన సెటిల్మెంటు దస్తావేజు. కుటుంబములోని వారికి ఇచ్చునప్పుడు విక్రయముకంటె తక్కువ సుంకము పడును. ఇందు ఎవరు ఎవరికి ఇచ్చుచున్నారు, వారి బంధుత్వమేమి, భూమి దాతకెట్లు సంక్రమించినది, నేడే స్వాధీనము చేయుచున్నారా, గ్రహీత స్వీకరించినదా అను నైదు విషయములు స్పష్టముగ నుండవలెను. గ్రహీతయు చేవ్రాలు చేయుట మేలు.

అన్నిటికంటె జాగ్రత్త వలసినది షెడ్యూలు. గ్రామము, సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు ఇందే యుండును. పలువురు పాత పత్రములోని హద్దులనే ఎత్తి వ్రాయుదురు. ఆ పత్రములోని తూర్పు ఆసామి ఎన్నడో అమ్ముకొని పోయియుండును! కనుక ఒక యుదయము స్వయముగా పొలమునకు పోయి, నాలుగు గట్లపై నిలిచి, నేటి హద్దులను వ్రాసికొనుడు. ఆంధ్రమున ఎకరమునకు నూరు సెంట్లు, తెలంగాణమున నలువది గుంటలు. ఒకదాని నొకటిగా వ్రాసిన పొరపాటు తరములు బాధించును. సర్వే నంబరులో కొంత భాగమే యిచ్చుచున్నచో సర్వేయరుచే ముందుగా కొలిపించుకొనుట మంచిది.

ముసలి తండ్రి క్షేమమును గూడ ఈ పత్రమునందే తలపవలెను. జీవించియున్నంతకాలము ఫలసాయము తానే యనుభవించునట్లు వ్రాయించుకొను హక్కు ఆయనకు గలదు. తన పోషణ కుమార్తె చూడవలెనను షరతును వ్రాయించినచో, అది తప్పినపుడు 2007వ సంవత్సరపు వయోవృద్ధుల చట్టము క్రింద దానమును రద్దు చేయ గోరవచ్చును. షరతు లేని దానమును ఒకసారి స్వీకరించిన పిమ్మట, మనసు మారినదని దాత వెనుకకు తీసికొనజాలడు. తండ్రికి ఈ సంగతి ముందే తెలుపుట కుమార్తె ధర్మము.

పత్రముపై చేవ్రాలు చేసిన నాటినుండి నాలుగు మాసములలోపల రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవలెను. ఆంధ్రప్రదేశమున సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు పోవలెను. తెలంగాణమున సాగుభూములకు 2020 నుండి తహశీల్దారు కార్యాలయమే రిజిస్ట్రేషను స్థానము. అచ్చట ఛాయాచిత్రమును, వ్రేలిముద్రలను తీసికొందురు. “ఈ పత్రము మీరు వ్రాసియిచ్చినదేనా?” అని అధికారి యడుగును. తండ్రిగారు తామే సమాధానమీయవలెను. కనుక ముందునాటి రాత్రి పత్రమును వారికి మెల్లగా, ప్రతి వాక్యమును చదివి వినిపింపుడు.

సాక్షులలో నొకనిగా అన్నగారినే పిలువుడని మా సలహా. సాక్షిసంతకముచే ఆయన హక్కేమియు పోదు, కాని యింటిలో దాపరికము లేకుండును. అన్నగారు కాగితమేదైన చూపి మిమ్ము చేవ్రాలు చేయుమని కోరినను ఇదే నియమము: హక్కు విడుదల పత్రమేమో చూచుకొనక, చదువక, ఎంత ప్రేమతో అడిగినను చేవ్రాలు చేయవలదు.

రిజిస్ట్రేషనుతో పని ముగిసినదనుకొని పత్రమును పెట్టెలో పెట్టి తాళము వేయువారు పెక్కురు. పాసుపుస్తకమునందును, వెబ్‌సైటులోని రికార్డులందును మీ పేరు ఎక్కినదో లేదో స్వయముగా చూచుకొనవలెను. దీనినే మ్యుటేషను అందురు. ఇల్లైనచో పన్ను రసీదు, విద్యుత్తు మీటరు పేరులను గూడ మార్పించవలెను. మ్యుటేషను యాజమాన్యహక్కు నీయదని సుప్రీంకోర్టు పలుమారులు చెప్పినది. హక్కు పత్రమునుండియే వచ్చును. అయినను రికార్డులలో పాత పేరు నిలిచియున్నచో ఋణమునకును, పరిహారమునకును, విక్రయమునకును ప్రతిచోట చిక్కే.

ఆ సోదరికి మేము ప్రత్యేకముగ చెప్పవలసినది ఒక్కటే. అమ్మా, తండ్రిగారు కుర్చీలో కూర్చుండి మాటలాడుచున్న నేడే అడుగుడు. ఇరువది యేండ్ల క్రిందట పదిమందిలో ఆనందముతో పలికిన మాటను కాగితముపై చూచుకొనుట ఆయనకును తృప్తియే యగును.