ముందు ఊపిరి లెక్కపెట్టండి

పోయిన వారం మందుల షాపులో నా ముందు ఒకావిడ నిలబడి ఉంది, భుజాన ఎనిమిది నెలల పాప. "అన్నా, పాపకి నెమ్ము చేసింది, జింకు సిరప్ ఇవ్వు. పక్కింటి పిల్లకి దాంతోనే తగ్గిందంట" అంటోంది. పాప గౌను పైకి జరిగింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి. వాచీ చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి 62. "సిరప్ తర్వాత చూద్దువు గానీ, ముందు ఆసుపత్రికి పదమ్మా" అని ఆటో ఎక్కించాను.

ఆ తల్లి ఆశ ఊరికే పుట్టింది కాదు. ఢాకాలో కమలాపూర్ అనే పేదల బస్తీ ఉంది. అక్కడ ఏడాదిలోపు పిల్లలు 1,665 మందిని తీసుకుని, సగం మందికి వారానికోసారి 70 మిల్లీగ్రాముల జింకు తాగించారు. అలా ఏడాదిపాటు. జింకు తాగిన పిల్లల్లో నెమ్ము, అంటే న్యుమోనియా, తగ్గింది. చనిపోయినవాళ్లు ఇద్దరు, తాగనివాళ్లలో 14 మంది. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈ లెక్క చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అది జబ్బు రాకముందు, తిండిలో జింకు చాలని పిల్లలకు నెలల తరబడి ఇచ్చిన మందు. రొమ్ము పట్టేశాక తాగించే సిరప్ కాదు.

జబ్బు పడ్డాక ఇస్తే? బంగ్లాదేశ్‌లోనే మత్లాబ్ ఆసుపత్రిలో యాంటీబయాటిక్‌తో పాటు ఇచ్చి చూస్తే పిల్లలు కాస్త ముందుగా కోలుకున్నారు. మనకు దగ్గరలోని వేలూరులో 299 మంది పిల్లల మీద పరీక్షించి చూస్తే లాభమేమీ కనపడలేదు. నెమ్ముకు జింకు వైద్యం అని నేను ఒప్పుకోను.

జింకు నిజంగా పనిచేసేది విరేచనాల్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లోనే ఆ మాట చెప్పాయి. ఆశా కార్యకర్త ఓఆర్ఎస్‌తో పాటు మాత్రలూ ఉచితంగా ఇస్తుంది. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు సగం. చెంచాలో తల్లిపాలు పిండి అందులో మాత్ర వేస్తే ఇట్టే కరిగిపోతుంది. 14 రోజులూ ఇవ్వాలి. మనం చేసేదేమిటంటే, మూడో రోజు విరేచనాలు కట్టగానే మిగిలిన మాత్రలు అలమరలో పడేస్తాం. నాకు బాధ అక్కడే. పూర్తిగా వాడితే తర్వాతి రెండు మూడు నెలలు కూడా విరేచనాల బెడద తగ్గుతుంది.

దగ్గు, జలుబుకు మాత్రం వాచీ చాలు. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40. ఊపిరి అంతకు చేరితే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కూడా అక్కర్లేదు, వెంటనే బయల్దేరండి. న్యుమోనియా రాకుండా వేసే పీసీవీ టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు వేయించండి. బిడ్డ బాగున్న రోజే, నిద్రపోతున్నప్పుడు పొట్ట మీది బట్ట తీసి, నిమిషం పాటు ఒకసారి లెక్కపెట్టి అలవాటు చేసుకోండి.