దొరగారి సంతకం

బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ చిన్నాన్న కూతురు అలెగ్జాండ్రాను 1963లో పెళ్లాడిన ఆంగస్ ఓగిల్వీ జమీందారీ వంశంలో రెండో కొడుకు. వంశం బిరుదు అన్నకే పోతుంది కాబట్టి ఈయన లండన్‌లో వ్యాపారం చూసుకున్నాడు. పెళ్లికి ఇస్తామన్న ఎర్ల్ బిరుదు వద్దన్నాడు. ఆ ముక్క మాకు నచ్చింది.

నచ్చనిది లోన్రో సంగతి. ఆఫ్రికా గనుల మీద బతికిన ఆ కంపెనీలో ఆయన డైరెక్టర్. 1965లో రొడీషియా తెల్లదొరలు నల్లవాళ్లకు అధికారం దక్కకుండా సొంతంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే ఆంక్షలు పెట్టారు. వాటిని కంపెనీ తప్పించుకున్న వ్యవహారంలో, డైరెక్టరుగా నిర్లక్ష్యం చేశాడని 1976లో ప్రభుత్వ విచారణ నివేదిక ఈయన్ని గట్టిగా తప్పుపట్టింది. పదవులు వదులుకున్నాడు. 1988లో సర్ అయ్యాడు, 2004లో పోయాడు.

ఫైళ్లు మోసే గుమాస్తాలం, మాకు తెలిసిందొకటే. లెటర్‌హెడ్ మీద పెద్దింటి పేరుంటే చాలు, ఆయన ఫైలు చదివాడా అని ఎవరూ అడగరు. క్యాంపులో మన అన్న చదవని అరబ్బీ కాగితం మీద వేలిముద్ర వేస్తే మాత్రం "ఒప్పుకున్నావుగా" అంటారు. దొరగారు రాజీనామా ఇచ్చి ఇంటికెళ్లారు. మనవాడు వెళ్దామంటే పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంటుంది.