విశాఖ ఉక్కు సరే, ఆకురాయి పట్టడం వచ్చా?

మన సాఫ్టువేరు జనానికి ఈ మధ్య ఓ కొత్త సరదా పట్టుకుంది. ఇంట్లో లేతు పెట్టుకోవడం. మొదట పెద్ద కెమెరా, తర్వాత బుల్లెట్ బండి, ఆ తర్వాత త్రీడీ ప్రింటరు, ఇప్పుడిది. మంచిదే, నేనేం కాదనను. నాకూ ఉంది ఆ పిచ్చి. మధురవాడలో మా ఇంటి కింద కారు ఉండాల్సిన చోట లేతుంది, కారు వీధిలో ఎండకి ఎండుతోంది. నా గొడవల్లా ఈ సరదా మొదలుపెట్టే తీరు గురించే.

తీరు ఏమిటంటారా? యూట్యూబులో ఎవరో దొరగారు ఇత్తడి ముక్కని వెన్నలా చెక్కుతుంటే రాత్రి రెండింటిదాకా చూస్తారు. పొద్దున్నే మినీ లేతుకి ఆర్డరు పెడతారు. పెట్టె విప్పుతూ ఫొటోలు, గ్రూపులో అభినందనలు. నెల తిరక్కుండా "దండగ మిషనండీ, ఫినిషింగ్ రావట్లేదు" అని తీర్పు. మిషను తప్పు కాదు మహాశయా. మీ టూలు సెంటరు ఎత్తులో లేదు. స్టీలు స్కేలుని టూలు మొనకీ జాబుకీ మధ్య మెల్లగా నొక్కి చూడండి. నిటారుగా నిలబడితే సరిగ్గా ఉన్నట్టు. పై కొస మీవైపు వాలితే టూలు కిందుంది, అటు వాలితే పైనుంది. ఇంతే. ఆటోనగర్లో పదో తరగతి తప్పిన కుర్రాడు చెప్తాడు ఈ మాట, మనకి మాత్రం నాలుగు వారాలు పడుతుంది.

ఇదంతా జరిగేది ఎక్కడయ్యా అంటే, విశాఖపట్నంలో! 1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఓడల కర్మాగారానికి పునాది వేసించిన ఊరు. నేవల్ డాక్‌యార్డు, పోర్టు, బీహెచ్‌పీవీ, ఉక్కు ఫ్యాక్టరీ... మూడు తరాల ఫిట్టర్లూ టర్నర్లూ బతికిన ఊరు. గాజువాకలోనో కంచరపాలెంలోనో రాయి విసిరితే రిటైరైన ఫిట్టరు గారి పెరట్లో పడుతుంది. 2021 జనవరిలో కేంద్రం ఉక్కు ఫ్యాక్టరీని నూరుశాతం అమ్మేస్తానన్నప్పుడు మనవాళ్ళు చాలామంది "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని ప్రొఫైలు బొమ్మలు మార్చారు. బాగుంది. కానీ ఆ ఉక్కుతో ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మనిషి పక్కవీధిలో ఉంటే, వెళ్ళి "బాబాయ్, కాస్త నేర్పుతావా" అని అడగడానికి మాత్రం నామోషీ. ఐటీ అంటే గౌరవం, ఐటీఐ అంటే చులకన. తేడా ఒక్క అక్షరమే, అదీ వాళ్ళకే ఎక్కువ.

"వాళ్ళకి పని వచ్చు గానీ ఎందుకో తెలీదండీ, మనకి థియరీ కావాలి" అని ఓ మిత్రుడు వాదించాడు. సరే, థియరీయే మాట్లాడుకుందాం. హెచ్‌ఎస్‌ఎస్ టూలుతో మైల్డ్ స్టీలు కోసేటప్పుడు వేగం నిమిషానికి పాతిక మీటర్ల దగ్గర ఉండాలి. 25 మిల్లీమీటర్ల కడ్డీకి లెక్కేస్తే 300 ఆర్‌పీఎమ్ పైచిలుకు. అదే 6 మిల్లీమీటర్లకైతే 1300. ఈ లెక్క మనం క్యాలిక్యులేటరు మీద చేస్తాం. మేస్త్రీ, ఊడొచ్చే ఇనప చుట్ట రంగు చూసీ, చప్పుడు వినీ చేస్తాడు. ఇద్దరిలో ఎవరి టూలు ముందు మాడిపోతుందో నేను వేరే చెప్పాలా?

అసలు మిషను కంటే ముందు కొనాల్సినవి ఒక మంచి వైసు, ఓ పన్నెండంగుళాల ఆకురాయి, ఒక మూలమట్టం. ఐటీఐలో ఫిట్టరు కోర్సు రెండేళ్ళు, మొదట్లో నెలల తరబడి ఆకురాయే గతి. అది పిల్లల్ని ఏడిపించడానికి పెట్టింది కాదు. ఓ ఇనప ముక్కని ఆరువైపులా చదునుగా రాకి, మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తే సందులోంచి కాంతి కనపడకూడదు. ఇది చేతికొచ్చేసరికి లోహం ఎక్కడ మాట వింటుందో, ఎక్కడ మొరాయిస్తుందో తెలుస్తుంది. ఆ తర్వాత లేతు కొనండి. (అప్పటికీ కొనాలనిపిస్తేనే. సగం మందికి అనిపించదు, లక్ష మిగులుతుంది.)

ఇక సరుకు సంగతి. ఉక్కునగరం పక్కనే ఉండి ఇనుముకి కరువేమిటని స్క్రాపు కొట్లో టీఎంటీ కడ్డీ ముక్కలు కిలోల లెక్కన తెచ్చేవాళ్ళున్నారు. బాబూ, అది స్లాబులో వేసే కడ్డీ. మిల్లులోంచి ఎర్రగా వస్తుండగానే నీళ్ళతో పైపొరని చప్పున చల్లారుస్తారు, అందుకే పైన గట్టి పెంకు, లోపల మెత్తని గుజ్జు. దాన్ని లేతుకెక్కిస్తే ముందు ఆ గాట్లు టూలుని టకటకా కొడతాయి, తర్వాత పెంకు అరగదీస్తుంది, చివరికి మెత్తటి లోపలిభాగం జిగురులా చిరుగుతుంది. నేర్చుకునేవాళ్ళకి ఈఎన్1ఏ అడగండి, గంధకం కలిపిన రకం, చుట్టలు చుట్టకుండా పొడిపొడిగా తెగుతుంది. షాఫ్టులాంటి గట్టిపని ఉంటే ఈఎన్8.

పాత మిషను కొనేవాళ్ళకి ఒక్కటే పరీక్ష. బెడ్డు అరిగేది ఎప్పుడూ చక్కు దగ్గరే. అక్కడ శాడిల్ని కదలికకి ఇబ్బంది లేకుండా బిగువుగా సర్ది, టెయిల్‌స్టాకు వైపు జరపండి. మధ్యలో బిగుసుకుపోతే బెడ్డు అరిగింది. కొత్త రంగు చూసి డబ్బు లెక్కపెట్టకండి.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది చేతి తొడుగుల విషయంలో. ఆఫీసు సేఫ్టీ పాఠాలు విని వచ్చి, లేతు ముందు గ్లవ్స్ వేసుకుని నిలబడతారు! తిరిగే మిషను దగ్గర గ్లవ్స్ రక్షణ కాదు, ఉరితాడు. తిరిగే జాబు కొస తొడుగుని పట్టుకుందంటే వేలితో ఆగదు. ఉంగరం, గడియారం, మణికట్టుకి కట్టిన ఎర్రదారం, పొడుగు చేతుల చొక్కా, ఆఖరికి మెడలో వేలాడే మన ఐడీ కార్డు పట్టీ కూడా తీసెయ్యాల్సిందే. చుట్టల్ని చేత్తో లాగొద్దు, కొక్కెం పెట్టుకోండి. ఎమెరీ గుడ్డని వేలికి చుట్టి పట్టొద్దు. చక్కు కీ చక్కులో వదిలి చెయ్యి తియ్యొద్దు. కోడు తప్పితే వెనక్కి తిప్పుకోవచ్చు, వేలికి ఆ సౌకర్యం లేదు.

కరెంటు గురించి చాలామంది పట్టించుకోరు. పాత లేతులకి తరచుగా 415 వోల్టుల త్రీఫేజు మోటారుంటుంది, మన ఇంట్లోది సింగిల్ ఫేజు. ఒకటి రెండు హార్స్‌పవరు మోటారుకి ఆరు కొసలు బయటికుండి, ప్లేటు మీద 240/415 అని ఉంటే డెల్టాకి మార్చి వీఎఫ్‌డీతో నడపొచ్చు. ఈ పని ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, వీడియో చూసి కాదు. మామూలు స్విచ్చు మీద మాత్రం లేతు నడపకండి. కరెంటు పోయిందని మీరు చక్కులో చెయ్యి పెట్టినప్పుడే అది తిరిగొస్తుంది. స్టార్టరైతే కరెంటు పోగానే దానంతటది విడిపోతుంది. వీఎఫ్‌డీలో మళ్ళీ దానంతటది మొదలవకుండా సెట్టింగు చూసుకోవాలి.

తుప్పు సంగతి వైజాగులో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, గేటు చూస్తే చాలు. పని కాగానే తుడిచి నూనె రాయండి. ప్లాస్టిక్ షీటు కప్పితే చెమ్మ లోపలే ఉండిపోతుంది, నూలు దుప్పటి మేలు. బాత్‌రూం కడిగే యాసిడ్ సీసా ఆ గదిలోంచి తీసెయ్యండి. మూత బిగించినా దాని ఆవిరికి రాత్రికి రాత్రే బెడ్డు ఎర్రబడగలదు.

చివరగా, మేస్త్రీ గారు నేర్పడానికి ఒప్పుకుంటే టీ ఇప్పించి పంపెయ్యకండి. గంటకింత అని ముందే మాట్లాడి చేతిలో పెట్టండి. బేరం ఆడాలనిపిస్తే, మీ గంటకి కంపెనీ క్లయింటు దగ్గర ఎంత వసూలు చేస్తోందో ఒక్కసారి గుర్తుచేసుకుని అప్పుడు ఆడండి.