ఇంటి పద్దు: పాత చిన్నకారు

ఒక సోదరి మాకు ఉత్తరము వ్రాసినది. ఆమె మేనమామ కుమారుడు క్రొత్త కారు కొనుచు, తన పాత మారుతి 800 బండిని వీరికి స్వల్పవెలకు ఇచ్చెదననెనట. వెల సరియే గాని పిమ్మట వచ్చు మరమ్మతుల ఖర్చు తట్టుకొనగలమా యని ఆమె సందేహము. అట్టి కారునే మేమును పదేండ్లుగా ఉంచుకొనియున్నాము గావున, మా పద్దుపుస్తకము ముందుంచుకొని సమాధానము వ్రాయుచున్నాము.

ఈ బండి 1983 డిసెంబరులో తొలిసారిగా జనుల చేతికి వచ్చెను. మూడు సిలిండర్ల ఇంజను, 796 ఘనసెంటీమీటర్లు. 2000 ప్రాంతము వరకు కార్బురేటరుతోను, అటుపిమ్మట పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజెక్షనుతోను వచ్చినది. క్రొత్త కాలుష్య నిబంధనల మూలమున 2010లో హైదరాబాదు మొదలగు 13 నగరములలో దీని విక్రయము నిలిచెను. 2014 జనవరిలో తయారీయే ఆగెను. కావున నేడు అమ్మకమునకు వచ్చు బండ్లలో పదునైదేండ్ల గడువు దాటినవే యెక్కువ.

ఈ గడువు మాట కొనువారు ముందుగా అడుగవలెను. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆ మీద ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేండ్ల కొకసారి పొడిగించుకొనవలెను. ఆ రుసుము 600 రూపాయలుండెడిది. 2022 ఏప్రిల్ నుండి 5,000 అయినది. 2025లో ఇరువదేండ్లు దాటిన కారులకు 10,000 చేసిరి. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయరాదు గదా. ఆ సొమ్మును బండి వెలలో కలిపియే బేరమాడవలెను.

ఇక మరమ్మతులు. 2023 మే నెలలో మా యత్తగారికి కంటి శస్త్రచికిత్స నిర్ణయమై కాకినాడనుండి రాజమహేంద్రవరమునకు బయలుదేరితిమి. సామర్లకోట దాపున రైల్వేగేటు పడి యుండెను. నిలిచిన కొలది నిమిషములలోనే వేడిమి తెలుపు ముల్లు ఎఱ్ఱగీతను అంటెను. గేటు తీసినతోడనే మావారు బండిని కదలించిరి. "ఆసుపత్రికి వేళ మించును, మెల్లగా పోవుదము" అనిరి. మేమును తలయూపితిమి. మూడు మైళ్లు పోవకమునుపే తెల్లని పొగ వెడలి బండి నిలిచిపోయెను. అత్తగారిని ఆటోలో ఎక్కించుకొని పోయితిమి. ఆ పూట శస్త్రచికిత్స జరుగలేదు. పది దినములు వాయిదా పడెను. ఆమె ఒక్కమాటయు అనలేదు. అనియుండిన బాగుండెడిదని మాకు తోచినది.

తప్పు బండిది కాదు, మాది. రేడియేటరు వెనుక ఒక చిన్న విద్యుత్ పంకా ఉండును. నీరు కాగినపుడు అది తనంతట తిరుగవలెను. దానిని తిప్పు స్విచ్చి చెడినను, బండి పరుగెత్తునంతసేపు ఎదురుగాలియే చల్లబరచును గనుక లోపము బయటపడదు, నిలిచినచోటనే పడును. పంకా ఒకమారు తిరిగి ఒకమారు తిరుగకున్నదని మెకానిక్కు పదునైదు దినముల ముందే చెప్పెను. స్విచ్చి, కూలి కలిపి 350 రూపాయలు. ఆ నెల పిల్లల పుస్తకముల ఖర్చు చూచుకొని, వచ్చే నెల చేయింతమంటిమి. పైగా రేడియేటరులో కూలెంటు పోయక మా బోరునీరే పోయుచుంటిమి; ఆ ఉప్పునీటి పాచి లోపలి సన్నని గొట్టములను సగము పూడ్చియుండెను. ఇంజను తల అల్యూమినియముది గాన మిక్కిలి కాగినచో వంగును, దాని క్రింది గ్యాస్కెట్టు కాలును. తల చదును చేయించుటకు, గ్యాస్కెట్టుకు, క్రొత్త రేడియేటరుకు, కూలికి మొత్తము 9,400 రూపాయలయ్యెను. గోటితో పోవుదానిని గొడ్డలివరకు తెచ్చుకొంటిమి. ఆ పద్దు వ్రాసిన పుటలో సిరా అలికిపోయియున్నది; కారణము చెప్పనక్కరలేదు.

సోదరీమణులు గుర్తింపదగిన చిహ్నమొకటి గలదు. ఇంజను చల్లగా నున్నపుడు నూనె పోయు మూతను విప్పి, దాని లోపలివైపు చూడుడు. చిలికిన మజ్జిగవలె తెల్లని నురుగు కనబడినచో నీరు నూనెలో కలియుచున్నదేమోయని అనుమానింపవలెను. రేడియేటరు మూతను మాత్రము కాగియుండగా ఎన్నడును విప్పరాదు. మరుగునీరు ముఖమునకు ఎగజిమ్మును.

ముందు చక్రముల ఇరుసు చివరలకు రబ్బరు తొడుగులుండును. అవి చినిగినచో లోని గ్రీజు చిమ్మిపోయి ఇసుక చేరును. స్టీరింగు పూర్తిగా త్రిప్పి మలుపు తిరుగునపుడు టకటకమను చప్పుడు వినవచ్చినచో అప్పటికే కీలు అరిగినదని యెరుగవలెను. చినిగిన తొడుగు మార్చుటకు మాకు కొన్ని వందలే అయినది. రెండవవైపున ఆలస్యము చేసినందుకు వేలయినది. ఇక క్లచ్చి తీగ బిగియుట, ఉదయమున కార్బురేటరు మొరాయించుట మొదలగునవి చిన్న బాధలు. విడిభాగములు చవుకగానే దొరకును, తెలిసిన మెకానిక్కు ప్రతి ఊరను కలడు.

తుప్పు విషయమే వేరు. సముద్రపు గాలి తగులు మా వంటి ఊళ్లలో కారు అడుగు రేకు కడుపులోని పుండువలె పైకి కనబడకుండ తినబడును. కాళ్లక్రింది చాపను ఎత్తి, వ్రేలితో గట్టిగా నొక్కి చూడవలెను. రేకు లోనికి పోయినచో ఇంజను ఎంత మధురముగా పాడుచున్నను ఆ బండి మనకు వలదు. అతుకు వేయింపవచ్చునందురు గాని, అతుకు ప్రక్కనే మరియొక బొక్క పడుట మా యిరుగుపొరుగు బండ్లలో చూచితిమి.

కావున ఆ సోదరికి మా సలహా యిది. అడుగు రేకు గట్టిగానుండి, రిజిస్ట్రేషను పొడిగింపు అయిపోయి యున్నచో బండిని కొనవచ్చును. కొన్న దినముననే మరమ్మతుల కొక పదివేలు వేరుగా తీసి ఉంచుకొనవలెను. మేమైతే నెలకు ఐదువందలు ఒక డబ్బాలో వేయుచున్నాము, పండుగకైనను దానిని ముట్టము. చూడబోవునపుడు ఉదయముననే పోవలెను. మేనమామ కొడుకైనను సరే, ముందు ఇంజను మూతపై చేయి యుంచి చూడుడు. వెచ్చగా నున్నచో, మీరు రాకమునుపే దానిని నడిపి యుంచినారన్నమాట. చల్లని ఇంజను మొరాయించుట మీకు తెలియరాదని కావచ్చును. కాఫీ త్రాగి, రేపు వచ్చెదమని చెప్పి రండు.