చేతికి తర్ఫీదు ఉంది, మాటకేదీ?



తొడ మొదట్లోనో మణికట్టు వద్దనో చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టాన్ని రక్తనాళంలోకి పంపి, ఎక్స్‌రే తెరను చూస్తూ మూసుకుపోయిన నాళాన్ని తెరిచే విద్య ఇంటర్వెన్షనల్ రేడియాలజీ. ప్రసవానంతరం ఆగని రక్తస్రావాన్ని నిలిపి తల్లిని బతికించేదీ ఇదే. 1964లో అమెరికాలో చార్లెస్ డాటర్ ఒక వృద్ధురాలి కాలి ధమనిని ఈ విధంగా తెరిచిన నాటి నుండి ఇది ఎంతో ఎదిగింది. కానీ నేర్పే తీరులో ఒక పెద్ద లోటు మిగిలిపోయింది. శిక్షణార్థి చేతికి ఏళ్ల తరబడి తర్ఫీదునిస్తాము. ఆపద ముంచుకొచ్చినప్పుడు తోటివారితో ఎలా మాట్లాడాలో, వారి మాట ఎలా వినాలో మాత్రం చాలాచోట్ల నేర్పము.

ఆ గదిని ఊహించండి. వైద్యుని చూపు తెరకు అతుక్కుపోయి ఉంటుంది. భుజాలపై సీసపు కోటు బరువు. టెక్నీషియన్ తరచుగా అద్దానికి అవతల ఉంటాడు. రోగి చాలాసార్లు మెలకువతోనే ఉండి ప్రతి మాటా వింటుంటాడు. కాంట్రాస్టు మందు పడక రక్తపోటు పడిపోతుంటే, ముందుగా గమనించేది మానిటరు పక్కనున్న నర్సు కావచ్చు. ‘సార్, ఒక్క క్షణం ఆపండి’ అని ఆమె అనగలదా? అంటే ఆయన ఆపుతాడా? రోగి ప్రాణం ఈ రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది.

ఈ పాఠాన్ని విమానయాన రంగం ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపంలో, పొగమంచు కమ్మిన రన్‌వేపై రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. అనుమతి రాకముందే కేఎల్‌ఎం కెప్టెన్ విమానాన్ని పరుగెత్తించాడు. అవతలి విమానం ఇంకా దారిలోనే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చితే కొట్టిపారేశాడు. ఆయన అనుభవం లేనివాడు కాడు. ఇతర పైలట్లకు శిక్షణనిచ్చే ప్రముఖుడు. అటువంటి ప్రమాదాల దరిమిలా 1979లో నాసా ఈ విషయమై సదస్సు నిర్వహించింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన సిబ్బందికి కలిసి పనిచేయడంలో శిక్షణ ప్రారంభించింది. ఆ పద్ధతిని స్టాన్‌ఫర్డ్ మత్తువైద్యుడు డేవిడ్ గాబా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకువచ్చారు.

మనం చేయవలసినదీ అదే. బల్లపై మనిషి బదులు బొమ్మను పడుకోబెట్టండి. చికిత్స మధ్యలో దాని రక్తపోటు పడిపోయినట్లు చూపండి. ఎవరు ముందు గమనించారు, ఎవరు పేరు పెట్టి పని అప్పగించారు, అడ్రినలిన్ ఎంతసేపటికి అందింది, ఎవరు తెలిసీ మౌనంగా ఉన్నారు? అభ్యాసం ముగిశాక అందరూ కూర్చొని, నిందలు లేకుండా చర్చించాలి. అసలు నేర్చుకునేది ఆ చర్చలోనే.

‘అనుభవమే అన్నీ నేర్పుతుంది’ అంటారు పెద్దలు. టెనెరిఫెలో అనుభవానికేమి కొరత? పైగా, ఆ అనుభవం ఎవరి శరీరం మీద గడించాలి? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడాన్ని శిక్షణ అనలేము. ‘ఖర్చు’ అంటారు మరికొందరు. గొట్టం నడపడం నేర్పే యంత్రాలు ఖరీదైనవే కావచ్చు. ఈ అభ్యాసానికి మాత్రం సాధారణమైన బొమ్మ, ఉన్న గది, నెలకొక గంట చాలు. ‘తీరిక లేదు’ అనేవారికి ఒకటే సమాధానం: రోగికి కొత్త గొట్టం కొనడానికి దొరికే తీరిక, అతని ప్రాణం నిలపడం సాధన చేయడానికి దొరకదా?

2019 నుంచి మన ఎంబీబీఎస్‌లో నడవడి, నైతికత, సంభాషణలకు పాఠాలు చేరాయి. మంచిదే. కానీ తొలిమెట్టులో చెప్పి వదిలేస్తే చాలదు. ఈ అభ్యాసాలలో నిలిచి నెగ్గనిదే ఏ శిక్షణార్థికీ స్వతంత్రంగా చికిత్స చేసే అర్హత ఇవ్వరాదు. ఆ గదిలోని నర్సు, టెక్నీషియన్ కూడా ఆ శిక్షణలో భాగస్వాములు కావాలి.

మీకో, మీవారికో ఇటువంటి చికిత్స నిర్ణయమైతే, సంతకం చేసే ముందు మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి. ఇక్కడ అత్యవసర అభ్యాసం చివరిసారి ఎప్పుడు చేశారు? అనుమానం వస్తే ఆపమనే హక్కు గదిలో అందరికీ ఉందా? అడగడం మీ హక్కు. జవాబు చెప్పడం వైద్యుల బాధ్యత.