అమెరికా సైనిక కుటుంబాల బదిలీలు: డ్రైవింగ్ లైసెన్సు, కారు బీమా

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో డ్రైవింగ్ లైసెన్సులు జారీ చేసేది, కారు బీమాను నియంత్రించేది రాష్ట్ర ప్రభుత్వాలే. అందువలన ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి బదిలీ అయ్యే సైనిక కుటుంబాలకు ప్రతిసారీ కొత్త నిబంధనలు ఎదురవుతాయి.

2003 నాటి సైనిక సభ్యుల పౌర ఉపశమన చట్టం ప్రకారం, బదిలీ కారణంగా సైనికుడు పన్నుల విషయంలో సొంత రాష్ట్రపు నివాస హోదాను కోల్పోడు. అక్కడ రిజిస్టరైన అతని సొంత కారుపై కొత్త రాష్ట్రం వాహన పన్ను విధించరాదు. 2009లో ఈ రక్షణను కొన్ని షరతులతో జీవిత భాగస్వామికి కూడా విస్తరించారు. అయితే ఇది పన్నులకు సంబంధించినదే గాని లైసెన్సుకు కాదు. సైనికుల లైసెన్సు గడువును అనేక రాష్ట్రాలు పొడిగిస్తాయి. కుటుంబ సభ్యులకు ఆ సౌకర్యం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సైనికుడు విధులలో దూరంగా ఉన్నపుడు కారు నడిపేది వారే కావడం గమనార్హం.

బీమా సంగతి మరింత చిక్కైనది. కారు ఎక్కడ రిజిస్టరైనా, ప్రీమియం సాధారణంగా దానిని నిలిపి ఉంచే ప్రాంతాన్ని బట్టి నిర్ణయమవుతుంది. న్యూ హాంప్‌షైర్‌లో చాలామంది వాహనదారులకు బీమా తప్పనిసరి కాదు. కాలిఫోర్నియాలో మాత్రం తప్పనిసరి; అక్కడ ప్రమాదంలో గాయపడిన ఒక్కొక్కరికి వర్తించవలసిన కనీస బీమా మొత్తాన్ని 2025 జనవరి 1న 15,000 డాలర్ల నుండి 30,000 డాలర్లకు పెంచారు. చిరునామా మార్పును బీమా కంపెనీకి తెలుపని పక్షంలో, ప్రమాదం జరిగినపుడు పరిహారం విషయంలో వివాదం తలెత్తవచ్చు.